యాదగిరి పాట, గద్దర్ గొంతు

'మాభూమి' సినిమా తెర మీద గద్దర్ 'బండెనక బండి కట్టి' అందుకునేనాటికి ఆ పాట పుట్టి సుమారు ముప్పై ఏళ్లయింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లా పల్లెల్లో దాన్ని కట్టి పాడినవాడు బండి యాదగిరి. ఏ గ్రామఫోను కంపెనీ ఆయన గొంతును పట్టుకోలేదు. ఆయన పాడిన తీరు విన్నవాళ్ల చెవుల్లోనే ఉండిపోయింది. అయినా ఇవాళ సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా ఆ పల్లవి ఎత్తుకుంటే గొంతు కలపని ఊరు ఉండదు. ఒక పాటగాడి పాట మరో పాటగాడి నోట రెండో పుట్టుక ఎత్తడమంటే ఏమిటో చూపడానికి తెలుగునాట ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకడం కష్టం.

తాను ఆరాధించే గాయకుడి పాటలు ఏరుకుని, తన గొంతుతో మళ్లీ పాడి, ఆల్బంగా తేవడం సంగీత ప్రపంచంలో పాత మర్యాదే. 1992లో లతా మంగేష్కర్ 'శ్రద్ధాంజలి' పేరుతో సైగల్, రఫీ, ముకేశ్, కిశోర్ కుమార్ వంటివారి పాటలు పాడారు. అంతకు ముందు ఏడాది అమెరికాలో నటాలీ కోల్ తన తండ్రి నాట్ కింగ్ కోల్ పాటలతో 'అన్‌ఫర్గెటబుల్' ఆల్బం తెచ్చింది. తండ్రి పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. ఆయన పాత రికార్డులోని గొంతుకు తన గొంతు జతచేసి యుగళగీతం చేసింది. గ్రామీ పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బం అదే అయింది. ఇవన్నీ రికార్డు నుంచి రికార్డుకు నడిచిన నివాళులు. మునగాల చుట్టుపక్కల నేల మీద నడిచిన నివాళికి మూలం రికార్డు కాదు, నోరు. అందుకే దాని చరిత్ర వేరుగా చెప్పుకోవాలి.

హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న మునగాల ఒకప్పుడు విచిత్రమైన పరగణా. చుట్టూ నిజాం రాజ్యం. నడుమ ఈ పరగణా మాత్రం బ్రిటిషువారి మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. జమీందారు నాయని వెంకటరంగారావు కోట నడిగూడెంలో ఉంది. ఆయన దగ్గర దివానుగా పనిచేసినవాడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలియడంలోనూ, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలవడంలోనూ ఈ ఇద్దరి చేయి ఉంది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగు వచనంలో సామాన్య పాఠకుడి చేతికి అందడానికి ఆ మండలి చేసిన మేలు చిన్నది కాదు. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నవాడూ ఆ లక్ష్మణరావే.

అదే పరగణాలో 1930ల చివర రైతులు జమీందారీ మీద లేచారు. నండూరి ప్రసాదరావు వంటివారు వారికి నాయకత్వం వహించారు. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1959లో పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరులో ఈ ప్రాంతం సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. కోటలో రాజుగారు, దివానుగారు నడిపిన అక్షర యజ్ఞం పుస్తకాల్లో భద్రంగా ఉంది. పొలం గట్టు మీద పుట్టిన పాటకు ఆ భాగ్యం దక్కలేదు. తెలుగు చరిత్ర రచనకు పునాదులు వేసిన చోటే పాటగాళ్ల పేర్లు రాసిపెట్టే అలవాటు లేకపోవడం బాధ కలిగించే సంగతి.

పరగణా హద్దు దాటితే చట్టం మారిపోయేది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అమలులో ఉండేది. దాని ప్రకారం సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. అయితే నాటు వేస్తూ పాడే పాటకూ, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ పాడే పాటకూ అనుమతి పత్రం అడగడం ఏ అమీనుకూ సాధ్యం కాదు. చదువు కొద్దిమందికే ఉన్న పల్లెల్లో కరపత్రం చేరని చోటికి పాట చేరింది. ఆంధ్ర మహాసభ 'సంగం'గా ఊరూరా పాకిన 1940లలో ఈ రెండు కారణాలూ కలిసి పాటకు పని పెంచాయి.

పాట కట్టేవాళ్లు కొత్త బాణీల కోసం వెతుక్కోలేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. గొల్లకురుమల కొలుపు అది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఒకరు కథ ఎత్తుకుంటే పక్కవాళ్లు అందుకోవడం, నడుమ నడుమ మాటకు మాట: గొల్ల సుద్దుల తీరు ఈ ప్రాంతపు జనానికి పుట్టుకతో తెలిసిన తీరు. దీన్ని పోరాటానికి మలిచినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు సుద్దాల హనుమంతు. చేనేత కుటుంబంలో పుట్టి, 1910 నుంచి 1982 వరకు బతికిన ఈ ప్రజాకవి గొల్ల సుద్దులనే కాదు, బుర్రకథను, పిట్టలదొర వేషాన్ని, ఫకీరు వేషాన్ని, వీధిభాగోతాన్ని కూడా వాడుకున్నాడు. జనం నవ్వుకుంటూ చూసే వేషంలోంచే దొర దౌర్జన్యం, వెట్టిచాకిరీ, నాగు వడ్డీల లెక్కలు బయటికి వచ్చేవి. తన ముందు తరాల కళాకారుల గొంతు, నడక, వేషం తీసుకుని కొత్త కథ చెప్పడం వాళ్లకు ఆయన చేసిన నమస్కారం. వాళ్ల కళ బతికుందని చూపడానికి అంతకు మించిన దారి లేదు.

ఆడవాళ్ల పాటలోనూ ఇదే జరిగింది. ఒకరు చరణం చెబితే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకునే బతుకమ్మ పాటలో కథ మార్చడం సులువు, బాణీ మార్చనక్కరలేదు. గౌరమ్మ కథ పాడిన నోళ్లే సంగం కథ పాడాయి. తుంగతుర్తి దగ్గరి కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఉపన్యాసానికీ పాటకూ పేరుపడ్డ నాయకురాలు. ఆమెను పట్టిచ్చినవారికి పదివేల రూపాయల బహుమానం ఇస్తామని సర్కారు ప్రకటించింది. తరవాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం పోరాటంలోని ఆడవాళ్లను వాళ్ల మాటల్లోనే అచ్చుకెక్కించింది. 2019లో స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' వచ్చింది. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసింది. ఈ రెండు పుస్తకాలూ లేకపోతే పోరాటంలో ఆడవాళ్ల గొంతు గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. పాటలు కొంతకాలం మూగబోయాయి. కొన్ని పార్టీ సభల్లో వినిపించేవి, కొన్ని పాత దళ సభ్యుల ఇళ్లలోనే ఉండిపోయాయి. వాటిని మళ్లీ లక్షలమంది చెవిన వేసింది 1970ల చివర తయారైన 'మాభూమి' సినిమా. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల 'జబ్ ఖేత్ జాగే' దీనికి ఆధారం. పేరొకటే అయినా 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాయగా ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన 'మాభూమి' నాటకం వేరు, ఈ సినిమా వేరు. సంగీతం బాధ్యత నాగభూషణంతో పాటు తీసుకున్నది వింజమూరి సీత. అక్క అనసూయతో కలిసి జానపద గీతాలను రేడియోకూ, సభా వేదికకూ ఎక్కించిన గాయని ఆమె. కృష్ణశాస్త్రి మేనకోడళ్లుగా భావగీతాల వాతావరణంలో పెరిగిన ఆ అక్కచెల్లెళ్లలో ఒకరు నల్లగొండ పోరు పాటల దగ్గరికి రావడం తెలుగు సంగీత చరిత్రలో మరింత గుర్తింపు దక్కవలసిన ఘట్టం.

ఆ సినిమాలో రెండు పాటలు మళ్లీ పాడిన తీరును విడివిడిగా చూడాలి.

మొదటిది యాదగిరి పాట. ఈ పాట నిర్మాణంలోనే ఒక ఖాళీ జాగా ఉంది. బండి వెనక బండి కట్టించుకుని పటాటోపంతో వచ్చేవాణ్ణి నిలదీసే పాట కాబట్టి, ఆ వచ్చేవాడి పేరు ఎవరిదైనా అక్కడ అమరుతుంది. మొదట ఆ పేరు సూర్యాపేట తాలూకా ఎర్రపహాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డిదని పోరాట తరం చెబుతుంది. లక్షన్నర ఎకరాల ఆసామిగా పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో లెక్కగట్టిన భూస్వామి ఆయన. సినిమాలో ఆ జాగాలోకి నైజాం సర్కారు వచ్చింది. ఊరి దొర మీద తిట్టుగా ఉన్న పాట రాజ్యం మీద తీర్పుగా మారింది. గద్దర్ పల్లవిని పై స్థాయిలో ఎత్తుకుంటాడు. వెనక గుంపు దాన్ని పట్టుకుని తిరిగి అప్పగిస్తుంది. ఆ రాకపోకల్లో పాట ఒక్కడిది కాకుండా పోతుంది. పోరాట కాలంలో పుట్టి, తూప్రాన్‌లో పెరిగి, 1972లో మొదలైన జననాట్యమండలిలో రాటుదేలిన గద్దర్‌కు యాదగిరి పాడుతుండగా వినే అవకాశం లేదు. తాను విననివాడి పాటను విన్నవాళ్ల ద్వారా అందుకుని, దానికి తన ఒళ్లూ ఊపిరీ ఇచ్చాడు. అనుకరించడానికి నమూనా లేకపోవడమే ఆయనకు మేలయింది.

రెండోది సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా'. దీన్ని సినిమాలో సంధ్య పాడింది. దొర ఇంట జీతముండి పశువులు కాసే పసివాణ్ణి పలకరించే పాట ఇది. అడిగేవన్నీ చిన్న చిన్న ప్రశ్నలే. కొలువు కుదిరి ఎన్నాళ్లయింది అన్న పద్ధతిలో సాగుతుంది. మగవాడు రాసిన పాట ఆడగొంతులోకి రాగానే అడిగే మనిషి మారిపోయింది. కార్యకర్త అడుగుతున్నట్టు కాక అక్కో అమ్మో అడుగుతున్నట్టు వినపడింది. సంధ్య గొంతులో కోపం పైకి రాదు. తాళం తొందరపడదు. అందువల్లే పాట ఇంకా లోతుగా దిగుతుంది. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ దేశంలో చట్టం వచ్చింది 1976లో. ఆ తరవాత కొన్నేళ్లకే ఈ పాట తెర మీదికి వచ్చింది. అప్పటికి తెలంగాణ పల్లెల్లో జీతగాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి చూసినవాళ్లకు అది గతం గురించిన పాట కాలేదు. పాత పాటను మళ్లీ పాడేటప్పుడు ఎప్పుడు పాడుతున్నామన్నది కూడా అర్థాన్ని మారుస్తుందని ఈ పాటే సాక్ష్యం.

ఈ రెండింటిలో ఏది గొప్ప అంటే, పేరు గద్దర్ పాటకే ఎక్కువ. మళ్లీ పాడడమనే కళలో మాత్రం సంధ్యదే పైచేయి అనిపిస్తుంది. గొంతు మార్పుతోనే కొత్త అర్థం తేవడం సామాన్యం కాదు.

రికార్డు నుంచి నడిచే రెండో రకం నివాళి కూడా ఈ నేలకు బాగా పరిచయం. కోదాడ పక్కన గుడిబండలో పుట్టిన కత్తి కాంతారావు జానపద, పౌరాణిక చిత్రాల్లో వెలిగిన కాలం ఘంటసాల కాలం కూడా. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయాక ఆయన పాట తెలుగు పట్టణాల ఆర్కెస్ట్రాలకు జీవనాధారమైంది. అక్కడ శ్రోత చెవి రికార్డుకు కట్టుబడి ఉంటుంది. ఒక్క గమకం తప్పినా పట్టేస్తుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎన్నో వేదికల మీద ఘంటసాలను తలుచుకుంటూ ఆయన పాటలు పాడారు. తనకు సినిమాలో తొలి పాట ఇచ్చిన ఎస్పీ కోదండపాణి పేరునే తన రికార్డింగు స్టూడియోకు పెట్టుకున్నారు. గురువు పేరు గుమ్మం మీద ఉంటే వచ్చిన ప్రతివాడూ దాన్ని చదువుతాడు. పాటగాడు పాటగాడికి చేయగల మర్యాదల్లో ఇది చాలా పెద్దది.

సినిమా పాటకు చట్టం అండ కూడా ఉంది. 1980ల క్యాసెట్ల కాలంలో పాత హిట్లను వేరే గొంతులతో పాడించి చవకగా అమ్మే వ్యాపారం దేశమంతా పెరిగింది. దాని మీద చాలా రగడ నడిచాక 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చింది. 31సి సెక్షను కింద పాత పాటను మళ్లీ రికార్డు చేయాలంటే తొలి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. మూల రచనలో మార్పులు చేయకూడదు. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. పాత గాయకుడి పేరుతోనో బొమ్మతోనో కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించకూడదు. రచయిత హక్కు ఆయన పోయిన తరవాత 60 ఏళ్లుంటుంది కాబట్టి సుద్దాల హనుమంతు రచనలకు 2042 చివరి దాకా ఆ రక్షణ ఉంది.

ఈ నియమాలు న్యాయమైనవే. కానీ మార్పులు చేయకూడదనే నియమం యాదగిరి పాటకు పెట్టి చూస్తే, పాట ఎర్రపహాడు దగ్గరే ఆగిపోయేది. పేరు మారుతూ పోవడం వల్లే అది ఊరి దొర నుంచి నిజాం దాకా నడిచింది, తెలంగాణ రాష్ట్ర ఉద్యమ సభల్లోనూ మళ్లీ గొంతెత్తింది. గద్దర్, విమలక్క తరం పాటగాళ్లు ఈ స్వేచ్ఛను పాత పాటల మీద వాడుకున్నారు. ఆలేరుకు చెందిన విమలక్క తండ్రి బండ్రు నర్సింహులు సాయుధ పోరాట యోధుడు. ఆమె విషయంలో పాట వారసత్వం ఇంట్లోంచే వచ్చింది. హనుమంతు కొడుకు సుద్దాల అశోక్‌తేజ సినిమా రచయితగా ఎదిగి, 'ఠాగూర్' సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. తల్లిదండ్రుల పేర పురస్కారం నెలకొల్పి, హనుమంతు పేరు సభల్లో ఏటా వినపడేలా చేశారు.

యాదగిరికి అలాంటి వారసత్వపు అండ దొరకలేదు. 'బండెనక బండి కట్టి' గద్దర్ పాటే అనుకునేవారు చదువుకున్నవాళ్లలోనే ఎందరో ఉన్నారు. తప్పు గద్దర్‌ది కాదు. క్యాసెట్ల మీద, ఇప్పుడు యూట్యూబ్ వీడియోల కింద పాడినవారి పేరు వేసి, కట్టినవారి చోట 'జానపదం' అని ఒక్క మాట రాసి సరిపెట్టే అలవాటుది. జానపదం అన్న మాట నిజమైనప్పుడు గౌరవమే. కట్టినవాడి పేరు తెలిసి కూడా ఆ మాట వాడితే అది అన్యాయం. బాణీ మార్చుకోవచ్చు, తిట్టే దొరను మార్చుకోవచ్చు, డప్పు తీసి గిటారు పెట్టుకోవచ్చు. పాట కట్టినవాడి పేరు మాత్రం తీసేసే హక్కు ఎవరికీ లేదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయాక ఆయన పాటలను కొత్త గొంతులు అందుకుంటున్నాయి. ఆల్బంలు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. వాటిలో యాదగిరి పాట ఉంటే, అట్ట మీద రెండు పేర్లూ ఉండాలి. మునగాల, నడిగూడెం, కోదాడ, మిర్యాలగూడ వైపు ఊళ్లలో పోరాట కాలాన్ని పిల్లలుగా చూసినవారు ఎనభై ఏళ్లు దాటి ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లు పాడే ఉయ్యాల పాటో సుద్దుల పాటో ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, ఆ పేరు, ఊరు, పాడిన సందర్భం ఫోనులో రికార్డు చేసి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఈ పని ఈ ఏడాదే మొదలు కావాలి.